పాతబడ్డ ఫ్రెంచ్ రెడ్ వైన్: ఏ ప్రాంతం, ఏ ఏడు, ఏ సీసా?

ఇరవయ్యేళ్ల నాటి ఫ్రెంచ్ రెడ్ వైన్ ఒకటి కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏది గొప్పది?" అని. దానికి జవాబు ధరల పట్టికలోనే ఉంటుంది గానీ, దానివల్ల ఒరిగేది తక్కువ. పాతబడ్డ రుచి మనకు పడుతుందా, ఎవరితో కూర్చుని ఏం తింటూ తాగుతాం, ఇన్నేళ్లూ ఆ సీసా ఎక్కడ పడుకుంది అన్నవి తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే. వీటిలో మూడోది మరీ ముఖ్యం. నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వైన్ చేసే తోటను షాతో అంటారు. వేడి గోదాములో ఐదు వేసవులు గడిపిన షాతో లాఫీత్ వంటి మహా పేరున్న సీసా కన్నా, చల్లటి నేలమాళిగలో కదలకుండా ఉన్న అదే బోర్డోలోని అనామక మెదోక్ సీసాకే నా ఓటు.

ముందు రుచి సంగతి

ఫ్రాన్స్‌లో తయారయ్యే రెడ్ వైన్‌లో అధిక భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసిందే. దాస్తే అది బాగుపడదు, నీరసిస్తుంది. దాచినకొద్దీ మెరుగయ్యేవాటిలో వగరు, పులుపు, పండు చిక్కదనం మూడూ దండిగా ఉంటాయి. ఆ వగరు టానిన్లది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపాల నుంచి వస్తుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు తమలో తాము, రంగునిచ్చే ఆంథోసయనిన్లతోనూ కలిసి పెద్ద అణువులవుతాయి. వాటిలో కొన్ని బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే వగరు మెత్తబడుతుంది, ఊదా ఛాయ పోయి గ్లాసు అంచున ఇటుక రంగు కనిపిస్తుంది. తాజా పండ్ల వాసన వెనక్కి తగ్గి తోలు, ఎండిన పూలు, తడిసిన ఆకులు, పుట్టగొడుగులు, వాన పడ్డ అడవి నేల ముందుకొస్తాయి.

ఇది అందరికీ నచ్చాలని లేదు. పండు రుచి నోరంతా నిండాలనుకునేవాళ్లకు పాత వైన్ "ఏదో పోయినట్టుంది" అనిపిస్తుంది. అది తెలియనితనమేమీ కాదు, ఇష్టాయిష్టాల సంగతి. డబ్బు పెట్టకముందే తేల్చుకోవాలంటే ఒక దొంగదారి ఉంది, అదీ ఫ్రాన్స్ బయట. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు గ్రాన్ రిజర్వా వైన్లను తయారుచేసినవాళ్లే కనీసం ఐదేళ్లు నిలవ ఉంచి అమ్ముతారు. పది, పన్నెండేళ్లది కూడా బోర్డోతో పోలిస్తే చవకే. అది నచ్చితే ముందుకు సాగండి. నచ్చకపోతే మంచి కుర్ర వైన్లు కొనుక్కుని హాయిగా ఉండండి.

బోర్డో ఎడమ ఒడ్డు: మొదటి సీసాకు ఇదే నా మాట

జిరోంద్ నదీముఖానికి పడమటి పక్కన మెదోక్, దానికి దక్షిణంగా గ్రావ్. ఈ రెంటినీ కలిపి ఎడమ ఒడ్డు అంటారు. గులకరాళ్ల నేల కాబట్టి నీరు నిలవదు, పగటి వేడిని రాళ్లు పట్టి ఉంచుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్షకు సరిగ్గా అదే కావాలి. ఆ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, టానిన్ ఎక్కువ. ఇక్కడి వైన్లు నిలవకు పేరు పడింది అందుకే.

ఇక్కడ అందరూ చూపించే పట్టిక 1855 నాటిది. ఆ ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో వైన్ దళారులు అప్పటి ధరలను బట్టి షాతోలను ఐదు తరగతులుగా పేర్చారు. మొదటి తరగతిలో అప్పుడు నాలుగు పేర్లే: లాఫీత్, లాతూర్, మార్గో, ఓ-బ్రియాఁ. మూతాన్ రోత్‌షీల్డ్‌ను 1973లో పైకి తెచ్చారు. పట్టిక అంత పాతదైనా కొనేవాడికి ఒక ఉపయోగం ఉంది: అది తప్పిన చోటే మనకు బేరం కుదురుతుంది. లాంష్-బాజ్, గ్రాఁ-పుయీ-లాకోస్త్ రెండూ ఐదో తరగతివే, కానీ నాణ్యతలో అంతకన్నా చాలా పైన ఉంటాయి. రెండో తరగతిలో లేవీల్ బార్తాన్ తన స్థాయికి మర్యాదైన ధర పలుకుతుంది. పట్టికలోనే లేని సోసియాందో-మాలే, మూలీ గ్రామపు పూజో, షాస్-స్ప్లీన్ ఇరవయ్యేళ్లు సునాయాసంగా నిలుస్తాయి. పేరు కోసం కాకుండా తాగడం కోసం కొనేవాళ్లు వెతకాల్సింది ఈ వరసలోనే.

గ్రామాల మధ్య తేడా కూడా తెలిసి ఉండాలి. పోయాక్‌లో మొదటి తరగతి ఐదింటిలో మూడు ఉన్నాయి. ఇక్కడి వైన్‌లో బ్లాక్ కరెంట్ అనే నల్లటి చిన్న పండు, పెన్సిల్ చెక్క, దేవదారు, పాతబడ్డాక పొగాకు వాసనలు. ఒంగోలు, జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్ల మధ్య పెరిగినవాళ్లు పాత పోయాక్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే ఆ వాసన పోల్చుకుంటారు. సాంతెస్టెఫ్‌లో బంకమట్టి పాలు ఎక్కువ. కుర్రతనంలో మొండిగా ఉంటుంది, ఓపిక పడితే దారికొస్తుంది. మార్గోలో బలం కన్నా సువాసన మిన్న. సాన్-జూలియన్‌లో మొదటి తరగతి షాతో ఒక్కటీ లేదు గానీ నాసి సీసా దొరకడమూ అరుదే. ఏదో ఒక్క గ్రామం పేరు చెప్పమంటే నేను సాన్-జూలియన్ అంటాను.

మంచి ఏడుకు చెందిన, 1855 పట్టికలోని షాతో వైన్ 15 నుంచి 25 ఏళ్ల మధ్య తాగడానికి బాగుంటుంది. గొప్ప ఏళ్లలో అగ్రశ్రేణివి యాభై ఏళ్లు కూడా దాటుతాయి. తాగడానికి ఇంత విశాలమైన గడువు ఉండటం వల్లే మొదటి సీసాకు ఎడమ ఒడ్డును చెబుతున్నాను. రెండేళ్లు అటో ఇటో తెరిచినా అది మిమ్మల్ని శిక్షించదు.

కుడి ఒడ్డు

దోర్దోన్య నదికి ఉత్తరాన పోమెరోల్, సాంతెమిలియోన్. బంకమట్టి, సున్నపురాయి నేల. చల్లగా ఉండే ఆ నేలలో తొందరగా పండే మెర్లో రాజ్యం చేస్తుంది. వగరు తక్కువ, నోటికి గుండ్రంగా తగులుతుంది, ఆల్‌బుకరా, చాక్లెట్, ముదిరాక ట్రఫుల్ అనే నేలలోపల పెరిగే పుట్టగొడుగు వాసన. పదీ పన్నెండేళ్లకే అందంగా తయారవుతుంది. ఎడమ ఒడ్డు బిగువు నచ్చనివాళ్లకు ఇది మేలు.

పోమెరోల్‌కు అధికారిక తరగతులు ఎప్పుడూ లేవు, అక్కడి మహా పేరున్న పేత్రూస్‌కు సైతం ఏ బిరుదూ లేదు. సాంతెమిలియోన్‌లో తరగతులున్నాయి, సుమారు పదేళ్లకోసారి సవరిస్తారు, సవరించిన ప్రతిసారీ కోర్టు గొడవలే. 2022 జాబితా వచ్చేసరికి షెవాల్ బ్లాఁ, ఓజోన్, ఆంజెలూస్ ముగ్గురూ తప్పుకున్నారు. కాబట్టి లేబుల్ మీద తరగతి చూసి ఇక్కడ నిర్ణయించుకోవద్దు. ఇంకొకటి: 2000ల మొదటి పదేళ్లలో ఇక్కడ చాలామంది బాగా ముగ్గిన పండు, కొత్త ఓక్ మోతాదు మించి వాడారు. ఆ సీసాలు కొన్ని ఇప్పుడు అలసిపోయి ఉన్నాయి. జేబు సహకరించకపోతే పక్క ప్రాంతాలైన ఫ్రోన్సాక్, లలాంద్-ద-పోమెరోల్ చూడండి.

బర్గండీ: ప్రేమించేవాళ్లకు, నష్టపోగలిగేవాళ్లకు

తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీలో రెడ్ అంటే పినో న్వార్ ద్రాక్షే. పల్చటి తొక్క, తక్కువ టానిన్, లేత రంగు. ఇంత సుకుమారమైనది ముప్పై ఏళ్లు ఎలా నిలుస్తుందంటే పులుపు వల్ల, నేల వల్ల. బాగా పాతబడ్డ షాంబోల్ మ్యూజినీ, వోన్ రొమానే గ్రామాల వైన్ గ్లాసులో ఎండు గులాబీ, చెర్రీ, అడవి నేల, ఏదో మసాలా ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతుంటాయి. వాసన ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే దీన్ని మించిన రెడ్ వైన్ లేదని నా నమ్మకం.

అయితే తలనొప్పి కూడా ఇక్కడే. బోర్డోలో షాతో పేరు తెలిస్తే చాలు. బర్గండీలో పొలానికి పొలానికి వేరే పేరు, ఒక్కో పొలానికి పదుల మంది యజమానులు. క్లో ద వూజో చూడండి: గోడ కట్టిన ఒకే తోట, సుమారు 50 హెక్టార్లు, దాదాపు 80 మంది యజమానులు. అందరి సీసాల మీదా గ్రాండ్ క్రూ (అన్నిటికన్నా పై మెట్టు) అనే ఉంటుంది, లోపలి సరుకు మాత్రం ఆకాశానికీ నేలకూ తేడా. ఈ చిన్న చిన్న తోటల విభజనకు 2015లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. చరిత్రకు గౌరవమే, కొనేవాడి గందరగోళం మాత్రం తీరలేదు. మెట్లు కింది నుంచి పైకి నాలుగు: ప్రాంతం, గ్రామం, ప్రెమియే క్రూ, గ్రాండ్ క్రూ. వాటికన్నా ముందు చూడాల్సింది తయారుచేసినవాడి పేరు. మంచి చేతిలోని గ్రామ స్థాయి వైన్, నిర్లక్ష్యపు చేతిలోని గ్రాండ్ క్రూను ఓడించడం ఇక్కడ మామూలే.

పైగా దీనికి మూతి ముడుచుకునే దశ ఒకటుంది. మొదటి మూడు నాలుగేళ్లు ముద్దుగా ఉంటుంది, తర్వాత కొన్నేళ్లు ఏమీ చెప్పదు, ఆ పైన మళ్లీ విచ్చుకుంటుంది. ఎప్పుడన్నది సీసా సీసాకూ మారుతుంది. ఒకే పెట్టెలోని రెండు సీసాలు రెండు రకాలుగా ఉండటం కూడా ఉన్నదే. ఇంత ధర పెట్టి ఇంత అనిశ్చితి భరించలేననుకుంటే బర్గండీ జోలికి వెళ్లకండి. వెళ్లితీరతానంటే వొల్నే, నుయి-సాఁ-జోర్జ్ ప్రెమియే క్రూలు చూడండి. ఈ రెండు గ్రామాల్లోనూ గ్రాండ్ క్రూ తోట ఒక్కటీ లేదు, కాబట్టి ఆ పేరుకు పడే అదనపు ధరా లేదు. సావిన్యీ-లే-బోన్, మెర్క్యురే ఇంకా దిగువ ధరలో ఉంటాయి. తోటల వివరాల్లోకి వెళ్లే ఓపిక లేనివాళ్లకు ద్రువాఁ, జాదో, బుషార్ వంటి పాత వ్యాపార సంస్థల సీసాలు నమ్మదగ్గవి.

రోన్ లోయ: ఉత్తరం ఒక లోకం, దక్షిణం ఒక లోకం

ఉత్తర రోన్‌లో రెడ్‌కు వాడే ఎర్ర ద్రాక్ష సిరా (Syrah) అనే రకం ఒక్కటే. కోత్ రోతీలో మాత్రం వియోనియే అనే తెల్ల ద్రాక్షను 20 శాతం దాకా కలపనిస్తారు, వాడేది అంతకన్నా బాగా తక్కువ. కుర్రతనంలో మిరియాలు, ఆలివ్, పొగ. ఆ మిరియాల వాసన ఊహ కాదు, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే సిరాలోనూ ఉంది. తాఁ పట్టణం పైనున్న ఒకే ఒక్క గ్రానైట్ కొండ ఎర్మితాజ్, 140 హెక్టార్ల లోపే. అక్కడి మంచి వైన్ పోయాక్‌తో సమానంగా నిలుస్తుంది, ఒక్కోసారి మించుతుంది కూడా. ఝబూలే సంస్థ చేసిన 1961 నాటి లా షాపెల్ అనే ఎర్మితాజ్‌ను గత శతాబ్దపు మహా వైన్లలో లెక్కేస్తారు. కోర్నాస్ గ్రామపు వైన్ మొరటుది, పదేళ్ల తర్వాతే మాట వింటుంది. కానీ ఎర్మితాజ్ ధరకు అందనివాళ్లకు అంతకన్నా మంచి దారి లేదు. బోర్డో తాగి తాగి కొత్తది కావాలనుకునేవాళ్లకు నేను చూపించేది ఉత్తర రోనే.

దక్షిణాన షాతోనఫ్-దు-పాప్. పద్నాలుగో శతాబ్దంలో పోప్‌లు అవీన్యోన్‌లో ఉన్నారు, వాళ్ల జ్ఞాపకమే ఈ పేరు. గ్రెనాష్ ముఖ్యం, మొత్తం పదమూడు రకాల ద్రాక్షలకు అనుమతి. వెచ్చదనం, తీపి పండ్లు, ఆల్కహాల్ 14 నుంచి 15 శాతం. 10, 15 ఏళ్లకు రుచికరంగా ఉంటుంది. గ్రెనాష్ గాలికి తొందరగా లొంగుతుంది కాబట్టి ఎవరు చేశారో తెలియకుండా పాతికేళ్ల సీసా కొనొద్దు. మూర్వెద్ర్ అనే ద్రాక్ష వంతు ఎక్కువగా ఉండే బోకాస్తెల్ తోట వైన్ వంటివి ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆ మూర్వెద్రే సగానికి పైగా ఉండే బాందోల్‌ది మధ్యధరా తీరం. ధరకు తగ్గ నిలవ గుణంలో దాన్ని కొట్టేది అరుదు, దుకాణాల్లో పాతది దొరకడమే కష్టం.

ఏ ఏడు?

బోర్డోలో 1982, 1990, 2000, 2005, 2009, 2010, 2016 అని జపంలా చెబుతారు. అవి గొప్పవే. కానీ ఇప్పుడే తాగాలనుకునేవాడికి గొప్ప ఏడు ఎప్పుడూ సరైన ఏడు కాదు. 2005, 2010 మెదోక్‌లలో చాలావాటికి ఇంకా ఓపిక కావాలి, ధర మాత్రం ఇవాళే కట్టాలి. 2001, 2004, 2008 అంత పేరు లేనివి, చవకైనవి, ఇప్పుడు తాగడానికి తయారుగా ఉన్నవి. నేను కొనేది వీటినే.

ఒకే ఏడు రెండు ఒడ్లకూ ఒకేలా ఉండదన్నది కూడా గుర్తుండాలి. 1998లో వానలకు ముందే మెర్లో కోతకొచ్చింది, కుడి ఒడ్డు గెలిచింది. 1996లో కాబెర్నే వంతు, ఎడమ ఒడ్డు. 2003 వడగాడ్పుల ఏడు: సాంతెస్టెఫ్ లాంటి బంకమట్టి నేలలు తట్టుకున్నాయి, చాలా చోట్ల పండు ఉడికిపోయింది. దక్షిణ రోన్‌లో 2002 సెప్టెంబరు వరదల పంట వదిలేయండి. బర్గండీలో 1999, 2005, 2010 నిలవకు, 2000, 2007 వంటివి తొందరగా తాగడానికి.

పాతది కొనాలా, కొత్తది కొని దాచాలా?

సరిగ్గా నిలవ చేసే చోటు లేకపోతే పాతదే కొనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. పదేళ్ల కరెంటు బిల్లు, చోటు, పాడయ్యే ప్రమాదం కలిపి చూస్తే ఎవరో మన కోసం దాచిన సీసాకు ఎక్కువ ఇవ్వడమే చవక. బోర్డో షాతోలు కొన్ని తమ నేలమాళిగల నుంచే పాత సీసాలు విడుదల చేస్తాయి. లాతూర్ అయితే పంట కోసిన మరుసటి వసంతంలోనే ముందస్తుగా అమ్మే పద్ధతిని 2012లో వదిలేసి, తాగడానికి సిద్ధమయ్యాకే విడుదల చేస్తోంది. షాతో నుంచి నేరుగా వచ్చిన సీసాకు ధర ఎక్కువైనా చరిత్ర మీద అనుమానం ఉండదు.

మిగతా చోట్ల కొనేటప్పుడు చూడాల్సింది సీసానే. వైన్ మట్టం ఎక్కడుంది? ఇరవయ్యేళ్ల బోర్డోలో మెడ అడుగు దాకా ఉండాలి. ముప్పై నలభై ఏళ్లదానిలో భుజం పైభాగం దాకా దిగినా సరే. ఇరవయ్యేళ్లకే భుజం మధ్యకు దిగితే వదిలేయండి. కార్క్ పైకి పొడుచుకొచ్చిందా? మూత రేకు కింద జిగట చారలున్నాయా? అది వేడి దెబ్బ. లేబుల్ మాసి, కాస్త బూజు పట్టి ఉంటే భయపడకండి, తేమ ఉన్న గదిలో పడుకుందనడానికి అది మంచి గుర్తే.

నకిలీల బెడద ప్రధానంగా మహా ఖరీదైన పేర్లకే. 2008లో న్యూయార్క్ వేలానికి బర్గండీలోని పోన్సో కుటుంబపు వైన్ సంస్థ పేరుతో, 1945 నుంచి 1971 దాకా పంటలవంటూ క్లో సాఁ దెనీ తోట సీసాలు వచ్చాయి. ఆ తోట వైన్‌ను ఆ కుటుంబం 1980లలో గానీ చేయడం మొదలుపెట్టలేదు. ఆ కుటుంబానికి చెందిన లోరాఁ పోన్సో స్వయంగా వెళ్లి వేలం ఆపించాడు. వాటిని పెట్టిన రూడీ కుర్నియావాన్ 2012లో అరెస్టయ్యాడు, 2014లో పదేళ్ల శిక్ష పడింది. పూజో, సోసియాందో-మాలే సీసాలకు నకిలీ చేసే తీరిక ఎవరికీ లేదు, మధ్యతరగతి వైన్ కొనడంలో ఉన్న ప్రశాంతత అది.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు పాత సీసాలు దుకాణాల్లో, వేలాల్లో తేలిగ్గా దొరుకుతాయి. భారత్‌లో దిగుమతి వైన్‌పై కస్టమ్స్ సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉండటం, దానిమీద రాష్ట్రాల ఎక్సైజ్ భారం వల్ల, పాతవి తెప్పించి పెట్టే దుకాణాలు బహు తక్కువ. విదేశాల నుంచి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే మామూలు సీసాలు రెండు, లేదా ఒకటిన్నర లీటర్ల మాగ్నమ్ ఒకటి. తెచ్చిన వెంటనే తెరవకండి. ప్రయాణంలో కదిలిన మడ్డి తేరుకోవడానికి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచాలి.

దాచదలిస్తే

12, 13 డిగ్రీల చల్లదనం, 60, 70 శాతం తేమ, చీకటి, కుదుపు లేకపోవడం. కార్క్ ఎండిపోకుండా సీసా అడ్డంగా పడుకోవాలి. ఇన్నిటిలో ఒక్కటే సాధ్యమంటే నిలకడైన చల్లదనం ఎంచుకోండి. ఎప్పుడూ 16 డిగ్రీలుండే గది, పగలు 28 రాత్రి 18కి మారే గదికన్నా ఎన్నో రెట్లు నయం.

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో అలమారా అన్నమాటే మర్చిపోండి, ఒక్క ఏప్రిల్, మే చాలు సీసాను ముగించడానికి. ఏసీ గది కూడా చాలదు, ఇంట్లో ఎవరూ లేని రోజున ఏసీ ఉండదు. మామూలు ఫ్రిజ్ మరీ చల్లన, మరీ పొడి, పైగా కంప్రెసర్ కుదుపు. కొన్ని నెలల వరకు పర్వాలేదు, ఏళ్లకు పనికిరాదు. మిగిలింది వైన్ ఫ్రిజ్. కొంటే కంప్రెసర్ రకమే కొనండి. థర్మోఎలక్ట్రిక్ రకాలు నిశ్శబ్దంగా ఉంటాయి గానీ, గది 35 డిగ్రీలకు చేరితే లోపల 13కు దించలేవు. ఇన్వర్టర్ బ్యాకప్ లేని ఇంట్లో ఖరీదైన సీసాలు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అమెరికాలో భూగర్భ గది ఉన్న ఇల్లు అదృష్టం, అదీ బాయిలర్‌కు దూరంగా ఉన్న మూల చూసుకోవాలి. డల్లాస్, ఫీనిక్స్ వంటి ఎండ ఊళ్లలో అద్దె లాకర్ నయం. బ్రిటన్‌లో బాండెడ్ గోదాముల్లో ఉంచితే బయటికి తీసేదాకా సుంకం, వ్యాట్ కట్టనక్కర్లేదు, నిలవ రికార్డూ ఉంటుంది, రేపు అమ్మాలన్నా అదే ఆస్తి.

సైజు విషయం: 375 మిల్లీలీటర్ల అర సీసా తొందరగా పాతబడుతుంది, 1.5 లీటర్ల మాగ్నమ్ నెమ్మదిగా. కార్క్ దాదాపు ఒకటే, వైన్ రెట్టింపు కాబట్టి. పిల్లల పుట్టిన ఏడు సీసా వాళ్ల పాతికేళ్లకు తెరవాలనుకుంటే మాగ్నమ్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఇద్దరే తాగే ఇంటికి అర సీసాలు సరి.

తెరిచే రోజు

ముందురోజే, వీలైతే రెండు రోజుల ముందే సీసాను నిలబెట్టండి. మడ్డి అడుగుకు చేరాలి. పాత కార్క్ మెత్తబడి ఉంటుంది, మామూలు స్క్రూ దిగగానే పొడైపోతుంది. రెండు సన్నటి రేకులు కార్క్ పక్కల నుంచి దూరే ఓపెనర్ దొరుకుతుంది, ముప్పై ఏళ్లు దాటినవాటికి అదే వాడాలి. స్క్రూనూ ఆ రేకులనూ కలిపిన డ్యురాండ్ అనే పరికరం ఖరీదెక్కువే గానీ పాత సీసాలు తరచూ తెరిచేవాళ్లకు దాన్ని మించింది లేదు. సూది గుచ్చి ఆర్గాన్ వాయువుతో తీసే కోరావిన్ కుర్ర వైన్లకు బాగు, పిప్పిగా ఉన్న పాత కార్కుల మీద ప్రయోగించొద్దు.

డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలోకి వంచాలా వద్దా అన్నది ప్రాంతాన్ని బట్టి. బోర్డో, ఎర్మితాజ్ అయితే వంచండి. సీసా మెడ వెనక ఫోన్ లైటు పెట్టి, ఒకే ధారగా, ఆపకుండా. మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి, అడుగున ఒక గుక్కెడు పోయినా చింతించొద్దు. ఇరవయ్యేళ్ల బిగువైన పోయాక్‌కు గంట గాలి మేలు చేస్తుంది. నలభై దాటినదాన్ని మాత్రం వడ్డించే ముందే వంచాలి. బోర్డోలో ఆధునిక వైన్ తయారీకి దారి చూపిన ఎమిల్ పేనో అయితే మడ్డి ఉంటేనే వంచండి, అదీ ఆఖరి నిమిషంలో అనేవాడు. పాత వైన్ విషయంలో నేనూ ఆయన పక్షమే. బర్గండీని వంచనక్కర్లేదు. సీసాను కదపకుండా నేరుగా గ్లాసుల్లోకి, ఒకేసారి అందరికీ పోసేయండి. మళ్లీ మళ్లీ లేపి వాలిస్తే మడ్డి కదిలి వైన్‌లో కలిసిపోతుంది.

చల్లదనం దగ్గర మనవాళ్లు చేసేది తరచూ తప్పే. రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్నది పాత రోజుల ఫ్రాన్స్ రాతి ఇళ్ల మాట. ముప్పై డిగ్రీల గదిలో ఆల్కహాల్ తప్ప ఏమీ తెలియదు. బోర్డో 16, 17 డిగ్రీల్లో, బర్గండీ 14, 15లో పోయండి. గ్లాసులో అది ఎలాగూ వేడెక్కుతుంది. గ్లాసు బొడ్డు వెడల్పు, అంచు ఇరుకు ఉంటే చాలు, మూడో వంతుకు మించి నింపొద్దు. మొదట తెరిచినప్పుడు వచ్చే ముతక వాసన పది నిమిషాల్లో పోవచ్చు, కాస్త ఆగండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తూ అది తగ్గకపోగా పెరుగుతుంటే కార్క్ చెడింది, టీసీఏ అనే పదార్థం పని. దానికి మందు లేదు.

తిండి సంగతి సూటిగా చెబుతాను. గోంగూర మటన్‌తో, గుంటూరు కారం పడిన వేపుడుతో ఇరవయ్యేళ్ల పోయాక్ తెరవొద్దు. మిరప మంట వగరునూ ఆల్కహాల్‌నూ రెట్టింపు చేస్తుంది, మీరు డబ్బు పోసిన ఆ సన్నటి వాసనలన్నీ కొట్టుకుపోతాయి. ఆ భోజనానికి కుర్ర కోత్-దు-రోన్ చల్లగా తీసుకోండి. పాత బోర్డోకు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో కాల్చిన గొర్రె మాంసం చాలు, మెదోక్‌లో వాళ్లు తినేదీ పోయాక్ గొర్రెపిల్లే. పాత బర్గండీకి వెన్నలో వేయించిన పుట్టగొడుగులు అద్భుతం, శాకాహారులకు ఇంతకన్నా మంచి జోడీ నేను చూపలేను. చీజ్ పెడితే కోంతే వంటి గట్టివి పెట్టండి, నీలి బూజు చీజ్ పాత రెడ్‌ను మింగేస్తుంది.

సీసా ఒక్కటే ఉంటే ఆరుగురికి మించి పిలవొద్దు, నలుగురైతే ఇంకా మంచిది. ముందు ఏదైనా తేలిక తెల్ల వైన్ ఇచ్చి, నోళ్లు అలిసిపోకముందే దీన్ని తేవాలి, కాక్‌టెయిల్‌ల తర్వాత కాదు. కుర్ర వైన్ మూత పెట్టి మర్నాడు తాగొచ్చు. ఇది అలా కాదు, నలభై ఏళ్లది ఒక్కోసారి గ్లాసులో గంటసేపే నిలుస్తుంది. అర సీసా మిగిలేలా ఉంటే చిన్న ఖాళీ సీసాలోకి అంచు దాకా నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటి మధ్యాహ్నం దాకా ఏదో కొంత ఉంటుంది, సాయంత్రానికి మాంసం కూరలో పోసుకోవడానికే.